రుద్రమదేవి దానపత్రము
(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



విద్యకును ధర్మమునకును చేయూత నిచ్చిన యొక రాజవంశపు స్త్రీ చరిత్రమును గూర్చి ఈ సభయందు ప్రసంగింపవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. వారికి కృతజ్ఞులము. అయినను నంద్యాల, ఆళ్లగడ్డ సీమలవారికి దానమును గూర్చి బోధించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదని మే మెఱుగుదుము. అహోబిలమున నరసింహస్వామి కొండకును, శ్రీశైల మల్లికార్జునుని కొండకును యాత్రికుల సౌఖ్యము కొఱకు సోపానములు కట్టించిన ప్రోలయ వేమారెడ్డిని ఈ సీమ యెఱుగును. 1866వ సంవత్సరపు కరవులో ఆకొన్నవారికి అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు నేటికిని ఈ పల్లెలలో పాటలుగా వినబడుచున్నది. కావున దానము గొప్పదని చెప్పుటకు మేము నిలువలేదు. ఇచ్చిన దానము నిలుచుట యెట్లు అను నొక్క విషయమును మాత్రము మనవి చేయదలచితిమి. అందులకు కాకతీయ రుద్రమదేవి చరిత్రమును మించిన దృష్టాంతము మాకు కనబడలేదు.

రుద్రమదేవి యనగానే మన కన్నులయెదుట గుఱ్ఱమెక్కి ఖడ్గము ఝళిపించు వీరనారి నిలుచును. అది నిజమే. కాని ఖడ్గముతో గెలిచిన భూమి యంతయు ఆమె వంశమునకు ముప్పదినాలుగేండ్లలో చేజాఱినది. ఆమె యిచ్చిన దానపత్రము మాత్రము శిలపై నేటికిని చదువుటకు వీలుగా నున్నది. ఆ పత్రమునే నేడు మనము విప్పి చూతము.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199వ సంవత్సరము మొదలు సుమారు అఱువది యేండ్లు రాజ్యమేలెను. ఆయనకు పుత్రసంతానము లేదు. తన తరువాత రాజ్యభారము వహింపదగినది కుమార్తె రుద్రమయే యని నిశ్చయించి, ఆమెకు రుద్రదేవ మహారాజను పురుషనామము నొసంగి, పాలనలో తనతో కూర్చుండబెట్టుకొనెను. ఆమె భర్త నిడదవోలు చాళుక్యవంశీయుడగు వీరభద్రుడు. స్త్రీ సింహాసన మెక్కుట సహింపనివారు స్వజనములోనే యుండిరని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. బయట దేవగిరి యాదవులు, తూర్పుదిక్కున గాంగులు, దక్షిణమున పాండ్యులు అదను చూచుచుండిరి. ఇందఱి నడుమ ఆమె 1262 ప్రాంతమున సర్వాధికారము వహించి, యాదవ మహాదేవుని దాడిని త్రిప్పికొట్టి, ఓరుగల్లు కోట ప్రాకారమును బలపఱచి, 1289 వఱకు పాలించెను. కూతురు ముమ్మడమ్మకు పుట్టిన ప్రతాపరుద్రుని దత్తత గైకొని, అతనికి రాజ్యతంత్రము నేర్పెను. ఆమె గతించిన కొలది యేండ్లకే తెలుగు తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాణి వివేకమును, న్యాయమును మెచ్చుకొనెను.

ధర్మకార్యములు ఆ యింటి స్త్రీలకు క్రొత్త కావు. రుద్రమదేవి మేనత్త మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెఱువు త్రవ్వించెను. సోదరి గణపాంబ ధరణికోట నేలిన కోట బేతరాజును వివాహమాడి, భర్త గతించిన పిమ్మట తానే ఆ సీమను పాలించి, అమరేశ్వరాలయమునకు స్వర్ణకలశము లెత్తించి, భర్త పేరను తండ్రి పేరను శివాలయములు నిలిపెను. ఒకరు నీరిచ్చిరి, ఒకరు గుడి యిచ్చిరి. రుద్రమదేవి చేసినది గుడితో కూడిన బడి, బడితో కూడిన వైద్యశాల, వానితో కూడిన అన్నసత్రము.

గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణపు టొడ్డున మందడము, వెలగపూడి, మల్కాపురము అను గ్రామములు ఇరుగుపొరుగున నున్నవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సచివాలయము 2016వ సంవత్సరమున వెలగపూడిలో ఏర్పడుటచేత ఆ యూరి పేరు నేడెఱుగనివారు లేరు. ఆ ప్రక్కనే మల్కాపురమున శాసనస్తంభ మొకటి కలదు. దానిపై శక సంవత్సరము 1183, అనగా క్రీస్తుశకము 1261 నాటి శాసనము చెక్కబడి యున్నది. గణపతిదేవునికి దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యుని గూర్చియు, ఆయనకు లభించిన భూమిని ఆయన వినియోగించిన విధమును గూర్చియు అది విపులముగా చెప్పుచున్నది.

ఈ శివాచార్యుడు తెలుగువాడు కాడు. గౌడదేశమున రాఢ ప్రాంతమువాడు. నర్మదాతీరమున కలచురి రాజుల యాదరణమున వర్ధిల్లిన గోళకీ మఠ పరంపరకు చెందిన విద్వాంసుడు. ఆ మఠమువారు ఆంధ్రదేశమున అనేక క్షేత్రములలో నెలకొనిరి. మీకు దక్షిణమున నున్న పుష్పగిరి, నల్లమల కావలనున్న త్రిపురాంతకము, 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన మీ నంద్యాల జిల్లాలోనే చేరిన శ్రీశైలము వారి స్థానములే. కావున కృష్ణాతీరపు టీ కథ మీకు పరాయిది కాదు. నల్లమల కిరుప్రక్కల వెలసిన యొక విద్యాసంప్రదాయపు కథ యిది.

ఇక దానము మాట. గణపతిదేవుడు మందడ గ్రామమును గురువునకు ఇత్తునని వాగ్దానము చేసెను. వాగ్దానము చేసినవాడు చక్రవర్తి, పొందినవాడు రాజగురువు. మాటకు లోటేమి? అయినను ఆ మాట కార్యరూపము దాల్చినది కుమార్తె చేతి మీదుగనే. తండ్రి యాజ్ఞచే రుద్రమదేవి మందడమును శాసనపూర్వకముగా ధారవోసి, దానితోపాటు వెలగపూడిని, నదిలోని లంకభూములను గూడ చేర్చి యిచ్చెను. తండ్రి పలికిన దానికంటె కూతురు ఇచ్చినది హెచ్చు.

మహాజనులారా! ఈ యొక్క ముక్కను కొంచెము నిలిచి యాలోచింప వేడుచున్నాము. పెద్దలు పలికిన మాటను పిన్నలు పత్రముగా మార్చుట, ఆ పత్రముపై మఱికొంత చేర్చుట, వంశగౌరవ మనగా నిదియే. మన సభలలోను వేదికలపై విరాళములు చాటబడుచున్నవి, కరతాళధ్వనులు మ్రోగుచున్నవి, పేర్లు పట్టికలకెక్కుచున్నవి. పట్టికలోని మొత్తమునకును నిధికి చేరిన మొత్తమునకును గల దూరమును కోశాధికారులు మాత్రమే యెఱుగుదురు. ఇచ్చెదమన్నవారిలో కొందఱు కాలధర్మము నొందిరి. వారి సంతతివారు ఈ పందిరిలోనే కూర్చుండి యున్నారు. వారిని నిందించుటకు మేము రాలేదు. గణపతిదేవుని మాటను రుద్రమదేవి నిలిపిన విధమును వారికి వినిపించుటకే వచ్చితిమి.

భూమి చేతికి వచ్చిన పిమ్మట శివాచార్యుడు చేసిన యేర్పాటు మన విద్యానిధుల నిర్వాహకులందఱును కంఠస్థము చేయదగినది. ఆయన విశ్వేశ్వరదేవుని ప్రతిష్ఠించి, మఠమును కట్టించి, విశ్వేశ్వర గోళకి యను పేర నగ్రహారము నిలిపి, ద్రావిడదేశమునుండి వచ్చిన అఱువది బ్రాహ్మణ కుటుంబములకు భూవసతి కల్పించెను. మిగిలిన భూమిని మూడు పాళ్లు చేసెను. ఒక పాలు శివాలయమునకు. రెండవ పాలు విద్యార్థుల పోషణమునకును శైవమఠమునకును. మూడవ పాలు ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు.

దేవునికి ఒక పాలే యని మీరు గమనింపవలెను. ఆ శివాచార్యుడు శివభక్తిలో ఎవరికిని తీసిపోవువాడు కాడు. ఆయన దృష్టిలో చదువుకొను బాలుని యాకలి తీర్చుటయు శివపూజయే. ప్రసవవేదన పడు స్త్రీకి నీడ చూపుటయు శివపూజయే. అట్లు కానిచో, గుడికొఱకు తెచ్చిన భూమిలో మంత్రసానికి చోటెట్లు కలుగును?

తరువాత నియామకములు. ఋగ్యజుస్సామవేదములు చెప్పుటకు ముగ్గురు. వ్యాకరణము, తర్కము, సాహిత్యము, ఆగమము మొదలైన శాస్త్రములు చెప్పుటకు ఐదుగురు. వైద్యు డొకడు. లెక్కలు వ్రాయు లేఖరి యొకడు. దేవాలయమునకు నర్తకులు, గాయకులు, వాద్యకారులు. ఊరికి కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, శిల్పి, మంగలి మొదలగు వృత్తులవారు. వంటవారు, పరిచారకులు, కావలివారు వేఱు. వీరందఱకును జీవనాధారములు నిర్ణయింపబడినవి. "చదువు చెప్పింతము" అని యూరకుండక, ఎందఱు చెప్పవలెను, ఏమి చెప్పవలెను, వారేమి తినవలెను, వారి యింటి కడవ యెవడు చేయవలెను అనునంత వఱకు ఆలోచించిరి. లెక్కలు వ్రాయువాడు ఉపాధ్యాయుల సరసను నిలుచుట చూడుడు. లెక్కలేని ధర్మము గట్టులేని చెఱువు, నిండినను నిలువదు.

అన్నసత్రమును గూర్చిన నిబంధన మఱియు గొప్పది. బ్రాహ్మణులు మొదలుకొని, ఆ కాలమువారు చండాలురని పిలిచి యూరికి వెలిగా నుంచిన వారివఱకు, అన్నార్థియై వచ్చినవారి కెల్ల ఏ వేళనైనను అన్నము పెట్టవలెనని శాసనము విధించుచున్నది. ఏడువందల అఱువది యేండ్లకు పూర్వపు మాట యిది. వచ్చినవాడు ఆకొన్నవాడైన చాలును. మఱి యే యర్హతయు నక్కఱలేదు.

ఇచట రెండు విషయములు దాచక చెప్పవలెను. ఒకటి: ఆ పాఠశాలలోని వేదశాస్త్రాధ్యయనము నాటి యాచారము ననుసరించి కొందఱికే పరిమితమై యుండెను. అన్నము అందఱికిని పెట్టిన యా ధర్మము అక్షరమును అందఱికిని పెట్టలేకపోయెను. రెండు: భూమి నిచ్చినది రాణి, భూమిని పంచి, నియమములు వ్రాసినది ఆచార్యుడు. ఇందువలన రాణి కీర్తికి కొఱత లేదు. యోగ్యుని చేతికిచ్చుట, ఇచ్చినపిమ్మట అతని పనికి అడ్డురాకుండుట, ఇవి దాతకు దానముకంటెను కష్టమైన గుణములు. ఇచ్చిన నూఱు రూపాయలకు నూఱు పెత్తనములు కోరు దాతలను మన మెఱుగమా?

రుద్రమదేవి యే కులమున జన్మించెనను చర్చ మన ప్రాంతములందు తఱచు వినవచ్చును. కాకతీయుల శాసనములలో కొన్ని వారిని సూర్యవంశజులని పొగడుచున్నవి. మఱికొన్ని చతుర్థవర్ణమువారని చెప్పుచున్నవి. ఒక్కొక్క సంఘమువారు ఆమె మావారనిన మావారని ప్రకటించుకొనుచున్నారు. మనదియు కులసంఘమే గనుక మే మేమందుమో యని మీరు చెవియొగ్గి యుందురు. మేము చెప్పున దింతే: ఆమె రక్తమునకు వారసులము కాగోరుటకంటె ఆమె దానపత్రమునకు వారసులమగుట మేలు. రక్తము సంగతి తేల్చుటకు సాక్ష్యములు కావలెను. దానపత్రమునకు వారసులమగుటకు మన సంకల్ప మొక్కటి చాలును. ఒక పేదబాలికకు పాఠశాల రుసుము చెల్లించినవాడు, ఆ బాలిక యే యింటిదైనను, రుద్రమదేవి వంశములోనివాడే.

ఆమె కడపటి దినముల మాట. కడప కర్నూలు సీమలందు అధికారము చెలాయించిన కాయస్థనాయకుడు అంబదేవుడు ఆమెపై తిరుగబడెను. నల్లగొండ జిల్లా చందుపట్ల గ్రామమున 1289వ సంవత్సరము నవంబరు 27వ తేదీ నాటి శాసన మొకటి దొఱకినది. పువ్వుల ముమ్మడి యను నొక సేవకుడు, రుద్రమదేవికిని ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగునట్లు సోమనాథదేవునికి భూమి యిచ్చెనని దానియందు కలదు. అంబదేవునితోడి యుద్ధమున రాణియు సేనానియు కూలిరని దీనినిబట్టి చరిత్రకారులు భావించుచున్నారు. ఏలిన రాణి మరణవార్తను మనకు తెలిపినది మహాకావ్యము కాదు, రాజప్రశస్తి కాదు. ఆమె పేర ఒక సామాన్య సేవకు డిచ్చిన చిన్న దానము. పెద్ద దానములు చేసిన రాణికి చివరకు చిన్న దానమే స్మారకమైనది. కావున ఈ సభలో పదిరూపాయ లిచ్చువారు తమ పది రూపాయలను చిన్నచూపు చూడరాదు.

1323వ సంవత్సరమున ఓరుగల్లు కూలెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు మార్గమధ్యమున గతించెను. అంతటితో విద్యలకు ఆశ్రయము కొఱవడినది. కొండవీటి రాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి మరల అగ్రహారములను నిలిపి, ఎఱ్ఱాప్రెగ్గడచే హరివంశమును రచింపజేసి, మీ అహోబిల కొండకు మెట్లు కట్టించెను. ఆ యెఱ్ఱనయే అహోబిల నరసింహుని కథను నృసింహపురాణముగా తెలుగు చేసెను. ఆళ్లగడ్డ సమీపమున రుద్రవరమను గ్రామము కలదు; ప్రతాపరుద్రుడు అహోబిలయాత్రకు వచ్చి యచట విడిసెనని స్థలకథ. పదునాఱవ శతాబ్దమున నంద్యాల కృష్ణరాజు పింగళి సూరనచే కళాపూర్ణోదయమును అంకితమందెను. ఒకచోట ఆఱిన దీపమును మఱియొకచోట మఱియొకరు వెలిగించుచు వచ్చిరి. ఆ వరుసలో నేడు మన వంతు వచ్చినది.

మల్కాపురమున నాటి పాఠశాల లేదు, ప్రసూతిశాల లేదు, సత్రములో పొయ్యి వెలుగుటలేదు. స్తంభము మాత్రమున్నది. దీనిని చూచి, ఎంత కట్టుదిట్టము చేసినను చివరకు ఱాయియే మిగిలినదిగదా యని నిరాశపడువా రుందురు. మే మట్లు తలపము. ఏ ధర్మమునైనను కాచునది శిల కాదు, తరువాతి తరము. ఒక్కొక్క తరము మరల ధారవోయవలెను. తండ్రి మాటకు కూతురు వెలగపూడిని చేర్చినట్లు, ప్రతి తరమును తన వంతు చేర్చినగాని ముందు తరము ఇచ్చినది నిలువదు.

కావున నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల దాతలకు మా విన్నపములు మూడు.

మొదటిది, పలికిన విరాళములను పత్రములుగా మార్పుడు. ఈ సభ ముగియక పూర్వమే ఎవరి మాటను వారు వ్రాసి యిచ్చుట యుత్తమము. గతించినవారి మాటను వారి బిడ్డలు, ముఖ్యముగా కుమార్తెలు, తమదిగా గైకొనుట మఱియు నుత్తమము.

రెండవది, బాలికల చదువునకు బాలుర చదువుతో సమానమైన పాలు కేటాయింపుడు. పల్లెలో పదవతరగతి దాటిన మగపిల్లవాని పట్టణమునకు పంపుటకు తండ్రి అప్పు చేయును. ఆడపిల్ల విషయమున సంబంధము వెదకును. నమ్మకమైన వసతిగృహ మొకటి యున్నచో ఆ తండ్రులలో అనేకుల మనస్సు మాఱును. గణపతిదేవుడు కుమార్తెను సింహాసనముపై కూర్చుండబెట్టెనని కథలు చెప్పుకొని సంతసించుచు, మన కుమార్తెను కళాశాల పీటపై కూర్చుండబెట్టుటకు వెనుదీయుట మనకు తగునా?

మూడవది, మన వసతిగృహపు భోజనశాల తలుపును ఆ సత్రపు తలుపువలె నుంపుడు. మన సంఘపు సొమ్ముతో మన బిడ్డలకు చదువు చెప్పించుట మన విధి. అయినను ప్రతి సంవత్సరము కొన్ని స్థానములను మన సంఘమునకు చెందని నిరుపేద విద్యార్థుల కొఱకు కేటాయించినచో మన నిధి తఱుగదు, మన పేరు పెరుగును. ఎవడు నీవని యడుగక అన్నము పెట్టిన సత్రమును పొగడి, ఎవడు నీవని యడిగి తలుపు మూయుట మన నోటికిని చేతికిని పొంతన లేకుండ జేయును.

సోదరీమణులారా! మీతో నొక్క మాట. పురుషులు వేదికపై పలికిన దానిని ఇంటిలో నెఱవేర్పించు శక్తి మీ చేతిలో నున్నది. రుద్రమదేవి చేసినదియు అదియే. తండ్రి మాట గాలికి పోకుండ శిలపై నిలిపినది. మీరును మీ యింటి మాటను నిలుపుడు.

 అహోబిల నారసింహుడును, మహానందీశ్వరుడును ఈ సంఘమునకు ఇచ్చు మనస్సును, ఇచ్చినది నిలుపు బుద్ధిని ప్రసాదింతురు గాక!

స్వస్తి.